కుడివైపు నిలబడితే షోర్యూకెన్ రావట్లేదా?

పంచ్ బటన్ ముందే పడిపోతోంది తమ్ముడూ. స్ట్రీట్ ఫైటర్ 6 ఫైటింగ్ గేమ్ ట్రెయినింగ్‌లో ర్యూ పాత్రతో షోర్యూకెన్ (పైకి ఎగురుతూ కొట్టే పంచ్) బాగానే వస్తోంది, ఒంగోలు ఫ్రెండ్స్‌తో మ్యాచ్‌లో కుడివైపుకి వెళ్తే మాత్రం ఉత్త గుద్దే పడుతోంది అన్నావు కదా, అంటే బొటనవేలు డీప్యాడ్ (కంట్రోలర్ మీద దిశల బటన్) ఎడమ-కింద మూలకి చేరకముందే టెన్షన్‌లో నొక్కేస్తున్నావు.

1. ట్రెయినింగ్‌లో ఇన్‌పుట్ హిస్టరీ (నువ్వు నొక్కినవి వరసగా తెర మీద చూపించేది) ఆన్ చేసి కుడివైపు నిలబడు. ఎడమ, కింద, ఎడమ-కింద మూల, ఆ మూల బాణంతో పాటే పంచ్ కనపడాలి. పక్కన కనపడే అంకెలు ఫ్రేములు, అంటే ఎంతసేపు నొక్కావో చెప్పే లెక్క, 60 అయితే ఒక సెకను.

2. నెమ్మదిగా వరసగా ఐదు షోర్యూకెన్లు పడాలి. ఒకటి తప్పినా మళ్లీ మొదటి నుంచి.

3. అందరూ వదిలేసేది ఇదే. కదలని డమ్మీ (ట్రెయినింగ్‌లో ఎదురుగా నిలబడే ఉత్తుత్తి ప్రత్యర్థి) మీద ఎంత రుద్దినా మ్యాచ్‌లో రాదు, ఎందుకంటే అక్కడ ఎప్పుడు కొట్టాలో ఎదుటివాడు చెప్పడు. ఒక రికార్డింగ్ స్లాట్‌లో డమ్మీ నీ మీదకి దూకడం, ఇంకోదాంట్లో ఊరికే నిలబడటం రికార్డ్ చేసి ర్యాండమ్‌గా ప్లే చెయ్యి. దూకితేనే కొట్టు. నిలబడినప్పుడు కొట్టేశావంటే నువ్వు చూసి కొట్టట్లేదు, ఊహించి కొడుతున్నావు. కన్నూ వేలూ కలిసి అలవాటు పడేదాకా ఇదే చెయ్యి.

4. కావలి ఊళ్లో ఎండలకి వేలు చెమట పట్టి డీప్యాడ్ మీద జారుతుంది, పొడిగుడ్డ పక్కన పెట్టుకో.