టెక్ సందేహాలు: ‘లైఫ్‌టైమ్’ ఫొటోషాప్ అమ్ముతామంటే కొనవచ్చా?

ప్రశ్న: నర్సంపేటలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌లే నాకు ప్రధాన ఆధారం. ఫొటోషాప్‌కు నెలనెలా డబ్బు కట్టడం భారంగా ఉంది. హన్మకొండలో ఒకరు కొత్త ఫొటోషాప్‌ను ‘లైఫ్‌టైమ్’కు తక్కువ ధరలో వేసి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా, లేక ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారడం మేలా?

జవాబు: తీసుకోకండి. ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే పూర్తి స్థాయి ఫొటోషాప్ 2012లో వచ్చిన సీఎస్6తోనే ఆగిపోయింది. ఆ తరువాతి వెర్షన్లన్నీ చందా మీదనే లభిస్తాయని అడోబీ సంస్థ 2013 మే నెలలో ప్రకటించింది. కనుక ఇప్పుడు ఎవరైనా కొత్త వెర్షన్‌ను ‘లైఫ్‌టైమ్’ పేరిట అమ్ముతున్నారంటే అది క్రాక్ చేసిన (లైసెన్సు తాళాన్ని పగలగొట్టిన) దొంగ ప్రతి అయినా కావాలి, మరొకరి ఖాతా అయినా కావాలి. క్రాక్ వేసే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. ఇంకా ఆల్బమ్ అందని పెళ్లిళ్ల ఫొటోలన్నీ ఉన్న కంప్యూటర్‌లో అలాంటి పని చేయడం ఏ ధరకూ తగదు. అదే సంస్థ అమ్మే ఫొటోషాప్ ఎలిమెంట్స్‌కు ఒకసారి చెల్లిస్తే సరిపోతుంది గానీ, 2025 వెర్షన్ నుంచి దానికీ మూడేళ్ల గడువు పెట్టారు.

ఇక ఉచితానికి మారడం గురించి. ధరల పట్టిక చూసే ముందు, మీ దగ్గరకు ఏ ఫైలు వస్తోంది, మీ దగ్గరి నుంచి ఏ ఫైలు వెళుతోంది అన్నది రాసుకోండి. ల్యాబ్‌కు మీరు పంపేది సాధారణంగా జేపెగ్ కాబట్టి అటువైపు ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఇబ్బంది లేదు. చిక్కంతా వచ్చే ఫైలుతోనే. మీరు కొనుక్కునే ఆల్బమ్ టెంప్లేట్లు ఫొటోషాప్ సొంత ఫైలు రూపమైన పీఎస్‌డీలో ఉంటాయి. వాటిని ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన జింప్‌లో తెరిస్తే లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచిన పొరలు) వస్తాయి గానీ స్మార్ట్ ఆబ్జెక్టులు (నాణ్యత చెడకుండా లోపలి ఫొటోను మార్చుకునే పొరలు), కొన్ని లేయర్ స్టైళ్లు ఫొటోషాప్‌లో ఉన్నట్టుగా మార్చుకోవడానికి వీలుగా రావు. బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ ఈ విషయంలో మెరుగే. కాకపోతే 12x36 అంగుళాల షీటు 300 డీపీఐ దగ్గర 10,800x3,600 పిక్సెళ్లవుతుంది, పూర్తిగా నిండిన ఒక్కో లేయర్‌కు కనీసం 117 మెగాబైట్ల మెమరీ కావాలి, ఇరవై లేయర్ల టెంప్లేట్‌ను బ్రౌజర్ ట్యాబ్‌లో మోయించడం కష్టం.

తెలుగు అక్షరాలను కూడా ముందే పరీక్షించండి. ‘శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్న’ అని యూనికోడ్‌లో టైపు చేసి, ఒత్తులు వాటి చోట పడుతున్నాయో లేదో చూడండి. జింప్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పని చేసేవారికి ఈ బాధ ఉండదు, వాటి బాధలు వేరు.

కాబట్టి మీ వృత్తికి ఫొటోషాప్ చందానే సరైనదని నా అభిప్రాయం. అయితే ఏడాది పొడవునా అక్కర్లేదు. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక, ఒప్పందం లేకుండా ఏ నెలకు ఆ నెల తీసుకునే పథకాన్ని పనులున్న నెలలతో హెచ్చవేసి, ఏడాది పథకం మొత్తంతో పోల్చి చూడండి. నెల ధర ఎక్కువగా కనిపించినా, పని తక్కువగా ఉండే స్టూడియోకు మొత్తం మీద అదే తగ్గవచ్చు. ‘ఏడాది ఒప్పందం, నెలవారీ చెల్లింపు’ అనేది వేరే పథకమని మరవకండి: పద్నాలుగు రోజులు దాటాక మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుముగా తీసుకుంటారు. ఈ రుసుమును కొనుగోలుదారుకు సరిగా తెలియజేయడం లేదని అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీపై దావా కూడా వేసింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆటోపే డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. యూపీఐ యాప్‌లో ఆటోపేను రద్దు చేసినంత మాత్రాన చందా ఒప్పందం రద్దు కాదు, దానిని అడోబీ ఖాతాలోకి వెళ్లి విడిగా రద్దు చేయాలి.

ప్రశ్న: కొత్తవాడలో మా ఇంటివాళ్లు నేసే దరీలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాము. ఫొటోలు సరిచేయడానికి ఏది కొనాలి?

జవాబు: ఏదీ కొననవసరం లేదు. నేపథ్యం తీసేయడం, అంచులు కత్తిరించడం, రంగు సరిచేయడం వంటి పనులకు జింప్ చాలు. నేర్చుకోవడం సులువుగా ఉండాలంటే అఫినిటీ చూడండి. ఒకసారి కొనే సాఫ్ట్‌వేర్‌గా పేరు పడిన దీని సంస్థను 2024లో ఆన్‌లైన్ డిజైన్ సంస్థ కాన్వా కొన్నది. 2025 అక్టోబరు నుంచి ఉచితంగా ఇస్తూ, ఏఐ సౌకర్యాలకు మాత్రం కాన్వా చందా అడుగుతోంది. ఒకసారి కొనడం, చందా, ఉచితం అనే మూడు పద్ధతుల మధ్య గీతలు ఎంత త్వరగా చెరిగిపోతాయో దీనిని బట్టి తెలుస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీకి రంగే ప్రాణం కాబట్టి, అన్నింటినీ ఒకే వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి, దాని ఆధారంగా వైట్ బ్యాలెన్స్ సరిచేసి, తెరలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతిలో భద్రపరచండి. ముద్రణకు వాడే సీఎంవైకే రంగుల పద్ధతిలోనే పని చేయమంటే క్రిటా ఉంది, అదీ ఉచితమే.

ప్రశ్న: కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. రామప్ప, పాకాల ఫొటోలను రా ఫైళ్లుగా (కెమెరా సవరించకుండా ఇచ్చే ముడి ఫైళ్లుగా) తీస్తాను. లైట్‌రూమ్ చందా ఆపేస్తే ఇప్పటిదాకా చేసిన పని పోతుందా?

జవాబు: పోదు. అడోబీ వారి లైట్‌రూమ్ క్లాసిక్‌లో చందా ముగిశాక డెవలప్ (ఫొటోలను సరిచేసేది), మ్యాప్ విభాగాలు మూతపడతాయి గానీ, ఫొటోలను చూడవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌కు, రాథెరపీకి మారినప్పుడు మీ పాత సవరణలన్నీ అక్కడ అదే విధంగా కనిపించవు కనుక, నచ్చిన ఫొటోలను ముందే 16 బిట్ల టిఫ్‌గా తీసి పెట్టుకోండి. కొత్త కెమెరా కొని, ఎప్పుడో కొన్న పాత సాఫ్ట్‌వేర్ దాని రా ఫైళ్లను గుర్తించకపోతే, అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ముందు వాటిని మార్చి తెరవవచ్చు.