ఆదోని పాత పత్తి జిన్నింగ్ (గింజలు వేరుచేసే) షెడ్డు ఆఫీసు: ఏసీలు ఎందుకు చాలట్లేదు

సార్, 40×60 అడుగుల షెడ్డుకు రెండు టన్నుల ఏసీలు నాలుగు పెట్టినా మధ్యాహ్నం ఉడికిపోతోందన్నారు. తప్పు ఏసీలది కాదు, కాగిన సిమెంటు రేకులది. పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు పూతలు వేయించండి. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది కాబట్టి గీకొద్దు, డ్రిల్లు కొట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. రేకు మీద నేరుగా అడుగేస్తే పగులుతుంది, చెక్కలు పరిచి నడవాలి.

12 అడుగుల ఎత్తులో సీలింగు ట్రస్సులకే (రేకులను మోసే చట్రాలకే) వేలాడదీసి, దానిపైన 50 మి.మీ. రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి ఉన్ని) పరవండి. పైన చిక్కుకున్న వేడిగాలి పోవడానికి గేబుల్ గోడల్లో (పైన త్రికోణంగా ఉండే చివరి గోడల్లో) జాలీలు పెట్టించండి. పావురాలున్నాయి కదా, మెష్ తప్పనిసరి.

ఏప్రిల్, మే పొడి ఎండకు డక్ట్ కూలరే (నీటి తడితో చల్లబడిన గాలిని గొట్టాల్లో పంపేది) మేలు: గంటకు 20 సార్లు గాలి మారాలంటే 9,600 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) కావాలి. ఎదురుగోడకు 20 చదరపు అడుగుల కిటికీలు తెరవకపోతే ఉక్కపోత తప్పదు. కూలరు ఆడేటప్పుడు ఏసీలు ఆపండి.