క్యారేజీ ఎక్కడ విప్పాలి?

నరసరావుపేట నుంచి చెన్నై వచ్చి ఆరు వారాలైన చెల్లెమ్మకి,

సీటు దగ్గర తిననివ్వడం లేదనీ, పాంట్రీ తలుపుకి 'నాన్‌వెజ్ వేడి చేయరాదు' అని కాగితం అంటించారనీ, క్యాంటీన్ సాంబారు నీళ్ళ మాదిరి ఉందనీ రాశావు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టనా అని అడిగావు. అంత రాసిన పిల్లవి, మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తింటున్నావో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నాకు గుబులు పుట్టింది అక్కడే.

రూల్స్ సంగతి ముందు తేల్చేస్తాను. ఫ్యాక్టరీ అయితే 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టినవే: ఐదు గంటలకి మించి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో అరగంట విరామం ఇవ్వాలి, 250 మంది దాటితే క్యాంటీన్ పెట్టాలి. లంచ్ రూమంటూ ఒకటి ఉన్నాక పనిచేసే హాల్లో తినకూడదన్నది కూడా ఆ చట్టంలోదే. 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్ క్యాంటీన్ లెక్కని 100 మందికి దించింది. నాన్‌వెజ్ కాగితం మాత్రం చట్టం కాదు, మీ కంపెనీ సొంత నియమం. మిగతాదంతా చేరిన రోజు నీకిచ్చిన పుస్తకంలో ఉంటుంది. చదవకుండా సంతకం పెట్టి ఉంటావు, ఇప్పుడైనా తీసి చదువు.

ఇక నా ఘనకార్యాలు విను. 2008లో డిప్లొమా పట్టా చేతబట్టుకుని ఒంగోలులో పినాకిని రైలెక్కి చెన్నైలో దిగాను. శ్రీపెరంబుదూరు దగ్గర ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. తయారైన బోర్డుని భూతద్దం కింద పెట్టి తప్పులు పట్టడం నా పని. రాత్రి షిఫ్టులో మూడింటికి కడుపు కాలేది. అమ్మ పెట్టిచ్చిన జంతికలు నాలుగు నీలం కోటు జేబులో వేసుకుని, తల వంచుకుని పనిచేస్తున్నట్టే ఒక్కొక్క ముక్కా నోట్లో వేసుకునేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్నా.

మూడో రాత్రి అవతలి టేబుల్ నుంచి ఒక బోర్డు వెనక్కొచ్చింది. చిప్పు కాళ్ళ మధ్య పచ్చగా ఏదో ఇరుక్కుంది. సూపర్‌వైజర్ దాన్ని సన్న పట్టకారుతో లాగి, వేలి మీద పెట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఓమం" అన్నాడు. మా అమ్మ వేసిన వాము! లైను ఆపేశారు. రెండు ట్రేల బోర్డులు నా ఎదురుగానే మళ్ళీ కడిగారు. నూనె, ఉప్పు బోర్డు మీద నిలిచిపోతే తేమని లాక్కుంటాయట, వెంట్రుకంత సన్నటి రాగి గీతలు నెలల్లో తుప్పు పట్టిపోతాయట. పైగా చేత్తో సోల్డరింగ్ చేసే బల్ల నా పక్కనే. ఆ సోల్డరులో సీసం ఉండేది. దాన్ని ముట్టుకున్న వేళ్ళతో జంతిక తింటే సీసం నేరుగా కడుపులోకే. ఇదంతా అతను నిదానంగా, నాకోసం ఇంగ్లీషులో చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

బుద్ధి వచ్చిందనుకుంటున్నావేమో. 2011లో గిండీలో ఒక ఆఫీసుకి మారాను. అక్కడ పాంట్రీలో మైక్రోవేవ్ ఉంది, తలుపు మీద ఏ కాగితమూ లేదు. ఎండునెత్తళ్ళ వేపుడు పెట్టి రెండు నిమిషాలు తిప్పాను. సెంట్రల్ ఏసీ ఆఫీసుల్లో ఉన్న గాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతుందని అప్పటికి నాకు తెలియదు. నేను క్యారేజీ మూత తీసేసరికి ఆ వాసన అకౌంట్స్ వాళ్ళ దాకా పోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున్నే తలుపు మీద కాగితం, అరవంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. నా పేరు రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

అసలు తప్పు చేసింది ఆ తర్వాతే. సిగ్గుపడి నాలుగు నెలలు ఒంటరిగా తిన్నాను, ఐదో అంతస్తు దాటాక వెనక మెట్ల మీద. ఎవరు ఎదురుపడినా "సాప్టీంగళా?" అనేవారు. ఎక్కడ తిన్నానో, ఏం తిన్నానో కూపీ లాగుతున్నారని నా అనుమానం. "తిన్నా, పెరుగన్నమే, వేడి చేయలేదు" అని సంజాయిషీ ఇచ్చేదాన్ని. పాపం, వాళ్ళు పలకరిస్తున్నారంతే. మనం 'బాగున్నారా' అన్నట్టు ఇక్కడివాళ్ళు 'తిన్నారా' అంటారని నాకెవరు చెప్పాలి? ఆ నాలుగు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను. అమ్మకి ఫోన్లో మాత్రం రోజుకో కూర పేరు చెప్పేదాన్ని.

ఒకరోజు హౌస్‌కీపింగ్ అక్క మెట్లు తుడుస్తూ చూసింది. "ఏన్మా, ఇంగ ఉక్కాందు సాప్పిడ్రే?" అంది, ఇక్కడ కూర్చుని తింటున్నావేమ్మా అని. మంటలొస్తే జనం దిగాల్సిన మెట్లవి, అక్కడ కూర్చోవడమే తప్పని తర్వాత తెలిసింది. చెయ్యి పట్టుకుని సామాన్ల లిఫ్టు పక్క గదికి తీసుకుపోయింది. నలుగురు ఆడవాళ్ళు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. నా డబ్బాలో గోంగూర పచ్చడి చూసి "పుళిచ్చకీరై" అని, గోంగూరకి వాళ్ళ పేరు పలుకుతూ చెయ్యి చాపారు. వాళ్ళ చింతపండు పులుసు, వత్తకుళంబు, నా కంచంలో పడింది. అందులో ఒకామెది హోసూరు వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆమె తెలుగు నాకు సగమే అర్థమైంది. అయినా ఆరోజు రెండు పూటల తిండి ఒక్కసారే తిన్నాను. నాకు అరవం వచ్చింది ఆ గదిలోనే. ఈరోజు వేళచ్చేరిలో సొంత ఫ్లాటు, నా కింద పన్నెండు మంది స్టాఫు. ఊరికే గొప్పలు చెప్పడం లేదు, మొదలెక్కడో తెలియాలని చెబుతున్నా.

కాబట్టి మెయిల్ ఇప్పుడే పెట్టకు. సాంబారు గురించి ఒక్కదానివే రాస్తే, కొత్తగా వచ్చిన పిల్ల గునుస్తోందంటారు. పదిమందితో తింటే ఆ పదిమందీ నీ మాట మాట్లాడతారు. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు వైపు హాస్టల్ తిండి తిని ఫ్యాక్టరీ ఆడపిల్లలు జబ్బుపడితే, కలిసి హైవే మీద కూర్చున్నాకే కదా లోకానికి తెలిసింది. మీ ఆఫీసులో క్యాంటీన్ కమిటీ ఉందేమో కనుక్కో. అందులో ఎవరున్నారో, వాళ్ళు ఏ బల్ల దగ్గర తింటారో చూడు.

సోమవారం వేడి చేయనక్కర్లేనివి పట్టుకెళ్ళు. కందిపొడి, గోంగూర, కాస్త ఎక్కువే పెట్టుకో. ఫోను సీటు దగ్గరే వదిలెయ్. మీ వయసు పిల్లలు దాన్ని నీళ్ళ సీసాకి ఆనించుకుని తింటారు, ఇంక పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరైనా "సాప్టియా" అంటే "ఇల్లై", లేదు, అను. నిజంగా తినేసి ఉన్నా సరే.

నెత్తళ్ళ మీద బెంగ మాత్రం ఆదివారానికి దాచుకో. నేనూ ఇప్పటికీ ఆదివారమే వేపుతాను, పక్క ఫ్లాటు మామి దండీశ్వరర్ గుడికి బయల్దేరిన చప్పుడు విని, కిటికీలన్నీ తీసి.