బ్లాకులు లేవన్నారు.. అమ్మ గుండెకు ఏమైంది?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. నాన్న పోయిన మూడో రోజు ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చి కూలబడిపోయింది. ఈసీజీలో తేడా ఉందని, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ ఎక్కువైందని యాంజియోగ్రామ్ చేశారు. గుండె రక్తనాళాల్లో బ్లాకులు లేవట. ‘దిగులుతో గుండె బలహీనపడింది’ అన్నారు. బ్లాకులే లేనప్పుడు మందులెందుకని బంధువులు అంటున్నారు. ఆపేయొచ్చా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపకండమ్మా. బ్లాకు లేదంటే జబ్బు లేదని కాదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది ‘టాకోట్సుబో’ అనే సమస్య కావచ్చు. జపాన్‌లో జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండను ఆ పేరుతో పిలుస్తారు. మెడ సన్నగా, అడుగు ఉబ్బుగా ఉంటుంది. 1990లో అక్కడి వైద్యులు ఈ జబ్బును వివరించినప్పుడు, రోగుల గుండె ఎడమ గది అచ్చం అలాగే కనిపించడంతో ఆ పేరు పెట్టారు.

తట్టుకోలేని దుఃఖం, భయం కలిగినప్పుడు అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి. ఆ తాకిడికి గుండె కండరం మొద్దుబారుతుంది. ఎకో (గుండె స్కానింగ్)లో చూస్తే గుండె పైభాగం గట్టిగా కొట్టుకుంటుంటే, కింది కొన కదలకుండా ఉబ్బి ఉంటుంది. ఈ జబ్బు వచ్చేవారిలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా నెలసరి ఆగిపోయినవాళ్లు.

నేను చూసిన ఒకామె ఎకో చేస్తున్నంతసేపూ కొంగున ముడేసుకున్న భర్త తాళంచెవిని వదల్లేదు. ఏడిస్తే ఆరోగ్యం పాడవుతుందని ఇంట్లోవాళ్లు ఆమెను ఏడవనివ్వలేదట. నొప్పి అంటే గ్యాస్ అనుకున్నారట. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మీ అమ్మగారిని ఏడవనివ్వండి. నాన్నగారి మాటలు చెబుతుంటే కూర్చుని వినండి.

మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండె లయ తప్పడం లాంటి ప్రమాదాలు ఉంటాయి. అవి గడిచాక చాలామంది గుండె కొన్ని వారాల్లో మామూలుగా కొట్టుకుంటుంది. నెల, నెలన్నర తర్వాత మళ్లీ ఎకో చేయించండి. మందులు తగ్గించాలా, ఆపాలా అన్నది అది చూసి మీ కార్డియాలజిస్టే చెప్పాలి.

కొందరికి ఇది మళ్లీ రావచ్చు. నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ‘ఆ దిగులేలే’ అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. దిగులు నొప్పో, అసలు గుండెపోటో ఇంట్లో కూర్చుని చెప్పడం నా వల్ల కూడా కాదు.

రాత్రిళ్లు ఆమెను ఒంటరిగా పడుకోనివ్వకండి. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, ‘నేనెందుకు ఉండాలి’ లాంటి మాట ఒక్కసారి అన్నా వెంటనే సైకియాట్రిస్టుకు చూపించండి. గుండెకు వాడుతున్న మందుల చీటీ కూడా తీసుకెళ్లండి.