టెక్ సందేహాలు: తాళంచెవి ఊరందరి దగ్గరా ఉంటే ట్రాకర్ ఏం కాపాడుతుంది?

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనుక్కున్న తెలుగు కుటుంబాల నుంచి ఈ మధ్య ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. సెలవుల్లో నాలుగైదు సార్లు వాడి, మిగతా ఏడాదంతా స్టోరేజ్ యార్డులో వదిలేసే బండి గురించే అన్నీ. అందుకే ఈసారి మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. 26 అడుగుల ట్రైలర్‌ను ఊరి బయట యార్డులో పెడుతున్నాం. మొన్న మా పక్క ట్రైలర్లోంచి టీవీ, పనిముట్లు పట్టుకుపోయారు. తాళాలేవీ పగల్లేదు. మేం మంచి జీపీఎస్ ట్రాకర్ పెట్టుకుందామనుకుంటున్నాం. నెల చందా తక్కువుండేది ఏది?

ట్రాకర్ సంగతి తర్వాత. మీ ఉత్తరంలో అంతకంటే ముందు పట్టించుకోవాల్సిన మాట ఒకటుంది: తాళాలేవీ పగల్లేదు. పగలగొట్టే అవసరమే రాదు. బయటివైపు బ్యాగేజ్ అరలకు ఇచ్చిన చిన్న తాళంచెవి తీసి, దాని మీద సీహెచ్751 అని ఉందేమో చూడండి. అమెరికాలో తయారైన ట్రైలర్లు, క్యాంపర్లలో లెక్కలేనన్నింటికి ఈ ఒక్క నంబరు చెవే సరిపోతుంది. ఆన్‌లైన్లో కొద్ది డాలర్లకు ఎవరైనా కొనుక్కోవచ్చు. ప్రధాన ద్వారం తాళం కొంత నయం, కానీ దానికీ తిరిగి తిరిగి వాడే నంబర్లు కొన్నే.

చాలా ట్రైలర్లలో ముందువైపు బ్యాగేజ్ అర ఈ పక్క నుంచి ఆ పక్కకు సొరంగంలా ఉంటుంది. దానికి సరిగ్గా పైన మంచం. మంచం కింది ప్లైవుడ్ పలకకు గడియ ఉండదు, గ్యాస్ స్ట్రట్ల మీద లేస్తుంది. అంటే బ్యాగేజ్ తలుపు తెరిచినవాడు అరలో దూరి, భుజంతో పలక ఎత్తి పడకగదిలో తేలతాడు. ప్రధాన ద్వారానికి మీరు ఎంత ఖరీదైన కీప్యాడ్ తాళం వేసినా దాని ముఖం కూడా చూడడు.

కాబట్టి మొదటి ఖర్చు ట్రాకర్‌కు కాదు, ఈ తాళాలకు. వీటిని క్యామ్ లాక్ అంటారు; చెవి తిప్పితే వెనకున్న క్యామ్ అనే రేకు తిరిగి తలుపును పట్టుకుంటుంది. తలుపులో పట్టే రంధ్రం సాధారణంగా ముప్పావు అంగుళం, సిలిండర్ పొడవు మాత్రం మారుతుంది: 5/8, 7/8, 1 1/8 అంగుళాలు ఎక్కువగా దొరుకుతాయి. తలుపు మందం కొలవకుండా ఆర్డరిస్తే క్యామ్ గడప వెనక్కి అందదు, లేదా వదులై గలగలలాడుతుంది. వెనక నట్టు విప్పి, పాత క్యామ్ రేకు వంపు కొత్తదాని వంపుతో పోల్చుకుని బిగించాలి. అన్ని తలుపులకూ ఒకే చెవి పట్టే సెట్ కొనండి. గొట్టం ఆకారపు చెవి ఉండేవైతే మేలు. అవీ అభేద్యం కావు, కానీ జేబులో పెట్టుకొచ్చిన చెవితో మాత్రం తెరుచుకోవు. మంచం కింది పలకకు లోపలివైపు నుంచి ఒక బోల్టు గడియ కూడా బిగించండి.

ఇక్కడ పరిశ్రమ మీద నాకున్న కోపం దాచుకోలేను. ఇవాళ అమ్మే ట్రైలర్లలో గోడకు టచ్ స్క్రీన్ ఉంటుంది. ఆనింగ్ (ఎండకు అడ్డంగా వేసే పందిరి) తెరవడానికి, స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) బయటికి నెట్టడానికి, నీళ్ల ట్యాంకు మట్టం చూడడానికి ఫోన్ యాప్ ఇస్తారు. దాన్ని షోరూములో గంటసేపు చూపిస్తారు. తాళానికి వేరే నంబరు సిలిండర్ పెట్టడానికి పట్టే ఆ కొద్ది డాలర్లు మాత్రం మిగుల్చుకుంటారు. ఈ లోపం కొనేవాళ్లకు తెలియదు, దొంగలకు తెలుసు. ఏ అప్‌డేటూ దీన్ని సరిచేయదు.

బండినే లాక్కెళ్లకుండా ఉండాలంటే కప్లర్ దగ్గర, అంటే ట్రక్కు వెనకున్న ఇనుప బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు భాగం దగ్గర, పని ఉంది. చాలామంది కప్లర్ లాచ్‌లో పిన్ను తాళం వేసి నిశ్చింతగా ఉంటారు. అది బండి ట్రక్కుకు తగిలించి ఉన్నప్పుడు పనికొచ్చే తాళం. విడిగా నిలబెట్టిన ట్రైలర్‌కు కప్లర్ గుంట ఖాళీగానే ఉంటుంది. 2 5/16 అంగుళాల గుంటలోకి అంతకంటే చిన్న బాల్ దూర్చి, మీ సేఫ్టీ చైన్లతోనే బిగించి రోడ్డెక్కేస్తారు. గుంటను బాల్ ఆకారపు దిమ్మెతో పూర్తిగా నింపి, కింద ఉక్కు పట్టీతో మూసే తాళం కావాలి. మీ కప్లర్ సైజు దాని మీదే అచ్చుపోసి ఉంటుంది: 1 7/8, 2 లేదా 2 5/16. పోత అల్యూమినియంతో చేసినవి కొనకండి, సుత్తి దెబ్బలకు విరుగుతాయి. ఫిఫ్త్ వీల్ (ట్రక్కు వెనక తొట్టిలో తగిలించే రకం ట్రైలర్) అయితే 2 అంగుళాల కింగ్‌పిన్‌కు వేరే తాళం ఉంది.

దానికి తోడు చక్రం తాళం. అది వీల్ నట్లను కూడా కప్పేలా ఉండాలి. కప్పకపోతే ఆ చక్రం విప్పేసి, మీ బంపర్ వెనకే ఉన్న స్టెపినీ వేసుకుని పోతారు. రెండు యాక్సిళ్ల బండికి రెండు చక్రాలలోంచి పోనిచ్చిన గట్టి గొలుసు, కొక్కెం బయటికి కనపడని గుండ్రటి తాళం బాగుంటాయి. బ్యాటరీ గ్రైండర్ ముందు ఏ ఉక్కూ కలకాలం నిలవదు, నిజమే. అయితే ఒక తాళానికి రెండు నిమిషాలు, ఇంకోదానికి ఇంకో రెండు, పైగా నిప్పురవ్వలు, చప్పుడు. వరసలో పాతిక ట్రైలర్లున్న చోట దొంగ పక్కదాని వైపు చూస్తాడు.

ప్రశ్న: నాణెం బ్యాటరీతో నడిచే బ్లూటూత్ ట్యాగ్ ఒకటి సోఫా కింద పడేస్తే చాలదా? చందా కూడా ఉండదు.

సూట్‌కేసుకు చాలు, ట్రైలర్‌కు చాలదు. ఈ ట్యాగ్‌కు సొంత జీపీఎస్ లేదు, సొంత నెట్‌వర్కూ లేదు. దగ్గర్లో పోతున్న ఎవరిదో ఫోన్ దాన్ని విని చెబితేనే మ్యాపులో కనపడుతుంది. కౌంటీ రోడ్డు చివర యార్డులో రాత్రి రెండింటికి ఆ దారిన పోయేదెవరు?

అసలు చిక్కు ఇంకోటుంది. మనుషులను రహస్యంగా వెంటాడడానికి వాడకుండా వీటిలో రక్షణ పెట్టారు. బాగా వాడుకలో ఉన్న ట్యాగ్ తన యజమాని ఫోనుకు 8 నుంచి 24 గంటలు దూరంగా ఉన్నాక ఎవరైనా కదిలిస్తే కూస్తుంది. యార్డులో మీ ట్యాగ్ వారాల తరబడి మీకు దూరంగానే ఉంది, కాబట్టి బండి కదలగానే దొంగకే చెప్పేస్తుంది. 2024 మే నుంచి రెండు ప్రధాన ఫోన్ వ్యవస్థలూ ‘మీ వెంట తెలియని ట్యాగ్ వస్తోంది’ అని ఎదుటివాళ్లకు హెచ్చరిక ఇస్తున్నాయి. స్పీకర్ పీకేసి వాడే చిట్కా వీడియోల్లో తిరుగుతోంది. దయచేసి చేయకండి. ఫోన్ హెచ్చరిక ఎలాగూ దొంగకు అందుతుంది. పైగా స్పీకర్ లేని ట్యాగ్ ఇంకెవరి చేతిలోనైనా పడితే ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి రావచ్చు.

ప్రశ్న: బ్యాటరీకి కలిపిన సెల్యులార్ ట్రాకర్ మూడు వారాల్లో రెండుసార్లు ఆఫ్‌లైన్ అయింది. పరికరం పాడైందా?

పరికరం కాదు, బ్యాటరీ ఖాళీ అయి ఉంటుంది. గ్యాస్ డిటెక్టర్, రేడియో, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు అన్నీ కలిపి అర ఆంపియర్ లాగుతున్నాయనుకోండి, రోజుకు 12 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిక్షేపంగా వాడుకోగలిగేది సగమే. నాలుగు రోజుల్లో అయిపోతుంది. డిస్కనెక్ట్ స్విచ్ (బ్యాటరీని మిగతా బండి నుంచి విడదీసేది) ఆపేసి, ట్రాకర్‌ను ఆ స్విచ్‌కు ముందు, నేరుగా బ్యాటరీ టెర్మినల్ నుంచి చిన్న ఇన్‌లైన్ ఫ్యూజుతో కలపండి. అయినా బ్యాటరీయే దొంగలకు మొదట కనపడేది, టంగ్ (ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన ఫ్రేము) మీద ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది. అందుకని లోపల సొంత బ్యాటరీ ఉన్న ట్రాకరే కొనాలి. కరెంటు తెగిన క్షణంలో హెచ్చరిక పంపే సెట్టింగ్ ఆన్ చేయాలి.

లిథియం బ్యాటరీలుంటే ఇంటికి తెచ్చుకోండి. పైకప్పు మీద సోలార్ ఉంటే ముందు ప్యానెల్ వైరు, తర్వాతే బ్యాటరీ వైరు విప్పాలి. ఈ వరస తప్పితే కంట్రోలర్ పోవచ్చు. గ్యాస్ సిలిండర్లను మాత్రం ఇంట్లోకి, గరాజ్‌లోకి తేకూడదు. బయటే, నిటారుగా ఉంచాలి.

జియోఫెన్స్ (బండి దాటితే అలర్టు వచ్చేలా మ్యాపులో గీసే హద్దు) 30 మీటర్లకు పెట్టి, అబద్ధపు అలారాలతో విసిగి అలర్టులు ఆపేసినవాళ్లూ చాలామందే. చుట్టూ లోహం ఉన్నప్పుడు జీపీఎస్ చుక్క తనంతట తాను పదుల మీటర్లు జరుగుతుంది. 150 మీటర్లు పెట్టండి. పాత మోడల్ చవగ్గా వస్తోందని కొనకండి. అమెరికాలో పెద్ద క్యారియర్లు 2022లోనే 3జీ మూసేశాయి, ఎల్‌టీఈ (4జీ) లేని పెట్టె ఇక పలకదు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ట్రైలర్ కొన్నాం. ట్రాకర్, యాప్ కంట్రోల్ అన్నీ అందులోనే ఉన్నాయి, కలిసొచ్చిందనుకున్నాం. పాత ఓనర్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు.

అన్ని ఉత్తరాల్లోకీ నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. పాత ఓనర్ ఖాతాలో ఉన్నంతకాలం ఆ బండి ఎక్కడుందో, మీరు ఎప్పుడు ఇంట్లో లేరో ఆయనకు తెలుస్తూనే ఉంటుంది. ఆయన మంచివారే కావచ్చు. ఆయన పాస్‌వర్డ్ ఇంకెన్ని చోట్ల వాడారో, అందులో ఎన్ని లీకయ్యాయో మీకు తెలియదు.

ట్రాకర్ అంటే మీ విలువైన వస్తువు చిరునామాను రోజంతా ఒక సర్వర్‌కు చెప్పే యంత్రం. ఆ సర్వర్ ఎవరిదో, తలుపు ఎంత గట్టిదో అడగకుండానే జనం కొంటున్నారు. 2022 జులైలో అమెరికా సైబర్ భద్రత సంస్థ సీఐఎస్‌ఏ ఒక చవక వాహన ట్రాకర్ గురించి బహిరంగ హెచ్చరిక ఇచ్చింది. లోపాలను బయటపెట్టిన పరిశోధకుల లెక్కలో ఆ కంపెనీ పరికరాలు 169 దేశాల్లో సుమారు 15 లక్షలు. అన్నింటికీ వచ్చే పాస్‌వర్డ్ 123456. మార్చమని యాప్ పట్టుబట్టదు. దానికి తోడు సర్వర్లోనే రాసిపెట్టిన మాస్టర్ పాస్‌వర్డ్ ఒకటి. అది తెలిసినవాడు ఎవరి బండినైనా మ్యాపులో చూడగలడు, ఎస్సెమ్మెస్ ఆదేశాలు కూడా పంపగలడు. దొంగతనం ఆపడానికి కొన్న పెట్టె దొంగకు దారి చూపించే పరిస్థితి అది.

మీరు చేయాల్సింది: పాత ఓనర్‌తో ఆయన ఖాతాలోంచి పరికరాన్ని తీసేయించండి, పాస్‌వర్డ్ తీసుకోవడం కాదు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్, మీ సొంత ఖాతా, ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్. యాప్‌లో ‘షేర్డ్ యూజర్లు’ జాబితా తెరిచి చూడండి. గోడమీది కంట్రోల్ ప్యానెల్‌కు జతైన పాత బ్లూటూత్ ఫోన్లన్నీ తుడిచేయండి. ట్రాకర్ లేబుల్ మీద ఐఎంఈఐ (ఆ పరికరానికి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు) ఉంటుంది. కొన్ని కంపెనీల్లో ఆ నంబరు తెలిస్తే చాలు, పరికరం తమదని నమోదు చేసుకోవచ్చు. లేబుల్ ఫొటో ఎక్కడా పెట్టకండి. రెండంచెల లాగిన్ ఇవ్వని కంపెనీ అయితే ఆ పెట్టె పీకి పారేయడమే మంచిది.

ప్రశ్న: సంక్రాంతికి ఆరు వారాలు ఇండియా వెళ్తున్నాం. అలర్టులు అక్కడికి వస్తాయా?

ఎస్సెమ్మెస్ మీద ఆధారపడితే రావు అనుకునే ఏర్పాటు చేసుకోండి. ఇక్కడ ఇండియాలో దిగగానే అందరూ లోకల్ సిమ్ వేసుకుంటారు, అమెరికా నంబరు నిద్రపోతుంది. లాగిన్ ఓటీపీ కూడా దానికే వెళ్తుంది కాబట్టి యాప్ కూడా తెరవలేరు. బయల్దేరే ముందు ఓటీపీని అథెంటికేటర్ యాప్‌కు మార్చండి. అలర్టులు పుష్, ఈమెయిల్ రెండింటికీ పెట్టండి. అమెరికా లైన్‌కు వైఫై కాలింగ్ అమెరికాలోనే ఆన్ చేసి రండి.

జనవరిలో డాలస్‌కు మనకు పదకొండున్నర గంటల తేడా. అక్కడ అర్ధరాత్రి బండి కదిలితే మీకు ఉదయం పదకొండున్నర, మెలకువగానే ఉంటారు. కానీ ఇక్కడి నుంచి అమెరికా అత్యవసర నంబరు 911 నొక్కితే అక్కడికి పోదు. యార్డు ఏ పోలీసు పరిధిలో ఉందో కనుక్కుని, వాళ్ల డిస్పాచ్ పది అంకెల నంబరు ముందు +1తో సేవ్ చేసుకోండి. నంబర్ ప్లేటు, 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు సంఖ్య), ట్రైలర్ నాలుగు వైపుల ఫొటోలు ఫోన్లోనే ఉండాలి. విన్ ఉంటే పోలీసులు దాన్ని చోరీ వాహనాల జాతీయ జాబితాలో ఎక్కిస్తారు. టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) ట్రైలర్ సొరుగులో వదలకండి. దగ్గర్లో ఉండే ఒక స్నేహితుడికి యాప్‌లో చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. ఆయన్ని యార్డుకు వెళ్లి ఎదుర్కోమని మాత్రం అడగొద్దు.

ప్రశ్న: లోపల మోషన్ కెమెరా పెట్టాం. వేసవిలో మా అబ్బాయి లోపలికి వెళ్లినా పట్టుకోలేదు.

ఆ సెన్సర్ చూసేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాను. టెక్సస్ ఎండలో మూసిన ట్రైలర్ లోపల మన ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు తేడా మిగలదు. అలాంటి చోట తలుపులకు అయస్కాంతపు కాంటాక్ట్ సెన్సర్లు పెట్టండి, బ్యాగేజ్ తలుపులతో సహా. కెమెరాను కిటికీ అద్దం వెనక నుంచి బయటికి తిప్పితే రాత్రి దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగే అద్దం మీద పడి తెల్లటి తెర తప్ప ఏమీ కనపడదు.

ప్రశ్న: ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే బ్రేకులు పడేలా చేసే బ్రేక్‌అవే పిన్ లాగేసి ఉంచితే చక్రాలు బిగుసుకుంటాయి కదా, ఉచితంగా తాళం దొరికినట్టే కదా?

వద్దు. ఎలక్ట్రిక్ బ్రేకులు కొన్ని గంటల్లో బ్యాటరీని పిండేస్తాయి, అయస్కాంతాలు వేడెక్కి కాలిపోవచ్చు. బ్యాటరీ అయిపోగానే చక్రాలు వదులవుతాయి, ట్రాకర్‌కు కరెంటు కూడా ఉండదు.