చిన్ననాటి సంపాదనలో మిగిలిన ఇంటిని తాకట్టు పెట్టకండి

ప్రశ్న: ఏడేళ్ల వయసు నుంచి పద్నాలుగేళ్ల వరకు నేను తెలుగు సీరియళ్లలో బాలనటుడిగా చేశాను. అప్పటి పారితోషికాలన్నీ నాన్నగారే చూసుకున్నారు. కొంత డబ్బుతో నిజాంపేటలో ఫ్లాట్ కొన్నారు. మిగిలినది ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో వేస్తే అది మూతపడింది. ఇప్పుడు నాకు 33 ఏళ్లు. నాన్నగారు లేరు. అమ్మ, భార్య, ఆరేళ్ల పాప నా మీదే ఆధారపడి ఉన్నారు. సీరియళ్లలో సహాయ పాత్రలు చేస్తున్నాను. టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే కోసే పన్ను) పోను ఏడాది సగటున నెలకు 55,000 రూపాయలు వస్తాయి, ఇంటి ఖర్చు 42,000. పారితోషికం 90 రోజుల తర్వాతే చేతికందుతుంది. ప్రస్తుతం 1,80,000 రావలసి ఉంది. క్రెడిట్ కార్డు మీద 1,40,000, ఒక రుణ యాప్‌లో 60,000 బాకీ ఉన్నాయి. బ్యాంకులో 3,20,000 డిపాజిట్ ఉంది. అమ్మకు మధుమేహం. మా సంఘం తరఫున నాకున్న చిన్న బృంద బీమా తప్ప ఆరోగ్య బీమా లేదు. నేనే హీరోగా ఒక వెబ్ సిరీస్ తీసి మళ్లీ నిలదొక్కుకోవాలని ఉంది. ఫ్లాట్ తాకట్టు పెడితే 11 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుతో 25 లక్షలు ఇస్తామంటున్నారు. పాపను కూడా ఒక సీరియల్‌కు అడుగుతున్నారు కాబట్టి ఈఎంఐలో కొంత అలా సర్దుబాటవుతుంది. ఈ రుణం తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. మీ ఉత్తరాన్ని ఇంత వివరంగా ప్రచురించి జవాబు రాయడానికి కారణం, ఆదాయం నిలకడగా లేని వృత్తుల్లో ఉన్నవారు చాలామంది ఇదే పొరపాటు చేయడం నేను ఏళ్ల తరబడి చూస్తూ ఉండటమే. నటులే కాదు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవారు, డబ్బింగ్ కళాకారులు, చిన్న కాంట్రాక్టర్లు కూడా పని తగ్గిన కాలాన్ని దాటడానికి చేతిలో డబ్బు ఉంచుకోకుండా, ఆ కాలాన్ని ఒక్క దెబ్బతో ముగించేయాలని పెద్ద అప్పు చేస్తారు.

ముందుగా లెక్క చూద్దాం. 25 లక్షలకు 11 శాతం వడ్డీతో పదేళ్లపాటు నెలకు దాదాపు 34,400 రూపాయలు కట్టాలి. మీ ఇంటి ఖర్చు 42,000 దీనికి కలిపితే 76,400 అవుతుంది. మీ సగటు ఆదాయం 55,000. అంటే మొదటి నెల నుంచే 21,000 రూపాయలకు పైగా లోటు, అది కూడా మీకు ఏడాది పొడవునా పని ఉంటుందనుకుంటే. పదేళ్లలో మీరు తిరిగి కట్టేది 41 లక్షలు దాటుతుంది. సిరీస్‌ను ఏ ఓటీటీ సంస్థ అయినా కొంటుందన్న ఒప్పందం గానీ, కనీసం లిఖితపూర్వకమైన హామీ గానీ ఉన్నట్టు మీరు రాయలేదు. తీసిన తర్వాత అమ్ముడవుతుందో లేదో తెలియని సరుకు కోసం నలుగురు తలదాచుకుంటున్న ఇంటిని పణంగా పెడతామంటే ఏ సలహాదారుడూ ఒప్పుకోకూడదు, నేను అసలే ఒప్పుకోను.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యంలో ఉంది. పారితోషికం 90 రోజుల తర్వాత వస్తుందన్నారు. వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే బ్యాంకు ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా లెక్కిస్తుంది. ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అప్పటికీ కట్టకపోతే కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. మీరు కొత్త పాత్రలో చేరి మొదటి చెక్కు కోసం ఎదురుచూసే కాలమూ, మీ ఖాతా మొండి బాకీగా మారడానికి పట్టే కాలమూ సమానమని గమనించండి. మీ తప్పేమీ లేకుండా, పని చేస్తూ ఉండగానే, ఇల్లు వేలం దారి పట్టే పరిస్థితి రావచ్చు.

చిన్నప్పుడు తెచ్చుకున్న గుర్తింపు పెద్దయ్యాక పెట్టుబడిగా పనికివస్తుందన్న నమ్మకం మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఈ నమ్మకం ఎంత బలంగా ఉంటుందో, ఎంత నష్టం చేయగలదో తెలియడానికి అమెరికన్ నటుడు గ్యారీ కోల్‌మన్ జీవితం చూడండి. ఆయన 1968లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జయాన్ పట్టణంలో పుట్టారు. పదేళ్ల వయసులో మొదలుపెట్టి, 1978 నుంచి 1986 వరకు నడిచిన ‘డిఫరెంట్ స్ట్రోక్స్’ ధారావాహికతో ఆ కాలపు అమెరికన్ టెలివిజన్‌లో అత్యధిక పారితోషికం పొందిన బాలల్లో ఒకరయ్యారు. పుట్టుకతో వచ్చిన మూత్రపిండాల జబ్బు వల్ల ఆయన ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాల దగ్గరే ఆగిపోయింది. రెండుసార్లు మూత్రపిండాల మార్పిడి జరిగినా జీవితాంతం వైద్యం తప్పలేదు. సంపాదన ఏమైందని లెక్క అడిగిన ఆయన 1989లో పెంపుడు తల్లిదండ్రుల మీద, తన వ్యవహారాలు చూసిన సలహాదారు మీద దావా వేయాల్సి వచ్చింది. 1993లో దాదాపు 12.8 లక్షల డాలర్ల మేరకు తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపి, తల్లిదండ్రులే ముంచారని చెప్పుకుంటారు. తర్వాత జరిగిందే మీకు అవసరమైన భాగం. లాస్ ఏంజెలెస్ సమీపంలోని మరీనా డెల్ రేలో ఆయన తన పేరుతోనే వీడియో గేముల కేంద్రం పెట్టి నష్టపోయారు. తీర్పు వచ్చిన ఆరేళ్లకే, 1999లో, దివాలా పిటిషన్ దాఖలు చేశారు. తన పతనానికి తల్లిదండ్రులు, అకౌంటెంట్లు, ఏజెంట్లు, లాయర్లతో పాటు తాను కూడా బాధ్యుడినేనని ఆయనే చెప్పుకున్నారు. మధ్యలో సెక్యూరిటీ గార్డుగా పనిచేశారు. చివరి సంవత్సరాల్లో, అధిక వడ్డీకి అప్పులిచ్చే ఒక సంస్థ తరఫున టీవీ ప్రకటనల్లో కనిపించారు. 2010లో, 42 ఏళ్లకే, యూటాలో మరణించారు. ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం ఉండి, కోర్టు తీర్పుతో చేతికి వచ్చిన డబ్బు ఉండి, ఆయనకు కుదరని పని మీకు తాకట్టు డబ్బుతో కుదురుతుందని అనుకోవడానికి ఆధారం నాకు కనిపించలేదు. మీ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్లుగా కెమెరా ముందు పని దొరుకుతున్న మనిషికి నైపుణ్యం ఉందనడంలో సందేహం లేదు. ఆ నైపుణ్యానికి తగిన అవకాశం వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించే డబ్బే మీ దగ్గర లేదు.

కాబట్టి అత్యవసర నిధి గురించి వివరంగా రాస్తాను. ఆరు నెలల ఖర్చు చాలునని అందరూ చెబుతారు. నెల జీతగాడికి అది సరిపోతుందేమో గానీ మీకు సరిపోదు. సీరియల్‌లో మీ పాత్రను ముగించినా మూడు నెలల పాటు పాత పారితోషికాలు వస్తూనే ఉంటాయి కాబట్టి సంపాదన ఆగిన సంగతి ఇంటికి వెంటనే తెలియదు, ఖర్చులు తగ్గవు. ఆ డబ్బు ఆగాక మరో పాత్ర కోసం తిరగడానికి కొన్ని నెలలు, అది దొరికాక మొదటి చెల్లింపుకు మళ్లీ మూడు నెలలు పడుతుంది. మధ్యలో సీరియల్ ప్రసార సమయం మారినా, కథ మలుపు తిరిగినా మళ్లీ మొదటికే వస్తుంది. కృష్ణానగర్ సందుల్లో గది తీసుకుని పాత్రల కోసం తిరిగే కుర్రవాడు ఈ కాలాన్ని ఒంటరిగా ఈడ్చగలడు, మీ మీద ముగ్గురు ఆధారపడి ఉన్నారు. మీకు కావలసింది పన్నెండు నెలల ఖర్చు, అంటే 5,04,000 రూపాయలు. అది సమకూరే వరకు మీ సొంత డబ్బుతో గానీ, అప్పు డబ్బుతో గానీ ఏ సిరీస్ నిర్మాణమూ చేపట్టవద్దు.

ఈ మొత్తం మీరు భయపడేంత దూరంలో లేదు. బ్యాంకులో ఉన్న 3,20,000 డిపాజిట్‌ను ఈ వారమే తీసి, మొదట రుణ యాప్ బాకీ, తర్వాత క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా తీర్చండి. కార్డు మీద నెలకు మూడున్నర శాతం వేసినా ఏడాదికి 42 శాతం వడ్డీ అవుతుంది, దాని మీద జీఎస్టీ అదనం. డిపాజిట్ మీద ఏడు శాతం రాబడి తీసుకుంటూ ఇలాంటి బాకీని నెలనెలా కనీస మొత్తంతో నెట్టుకురావడం ఎందుకో నాకు అర్థం కాలేదు. యాప్ బాకీ తీరాక ‘బకాయి లేదు’ అన్న పత్రం తీసుకుని, ఆ యాప్‌ను ఫోన్ నుంచి తీసేయండి. అవసరానికి మళ్లీ దాని జోలికి వెళతానని ఇప్పుడే అనుకుంటున్నట్లయితే, అత్యవసర నిధి ఉండవలసింది సరిగ్గా ఆ అవసరానికే.

బాకీలు పోగా 1,20,000 మిగులుతుంది. రావలసిన 1,80,000 వచ్చిన రోజున, ఒక్క రూపాయి కూడా వేరే పనికి వాడకుండా, అందులోనే కలపండి. ఇక మీరు ప్రస్తావించని మరో మొత్తం ఉంది. మీ పారితోషికంలో పది శాతం టీడీఎస్‌గా కోస్తున్నారు కాబట్టి మీ సగటు ఆదాయం ప్రకారం ఏడాదికి 70,000 రూపాయలకు పైగా ప్రభుత్వం దగ్గర జమవుతోంది. నటులకు వర్తించే ఊహాజనిత పన్ను విధానంలో స్థూల ఆదాయంలో సగాన్నే లాభంగా చూపవచ్చు. ఆ లెక్కన, కొత్త పన్ను విధానంలో, మీరు కట్టాల్సిన పన్ను దాదాపు ఉండదు. రిటర్న్ సకాలంలో దాఖలు చేస్తుంటే ఆ డబ్బు వాపసు వస్తూ ఉండాలి. దాఖలు చేయడం లేదంటే రేపే ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. బాకీల వాయిదాలు ఆగిపోయాక నెలకు 13,000 మిగులుతుంది. వీటన్నిటినీ కలిపి, బీమా ప్రీమియం కట్టుకుంటూ వెళ్లినా, రెండేళ్ల లోపే నిధి పూర్తవుతుంది. ఇంటి ఖర్చుల ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, ఏటీఎం కార్డు తీసుకోకుండా, కొంత పొదుపు ఖాతాలో, మిగతాది చిన్న చిన్న డిపాజిట్లుగా ఉంచండి.

ఆరోగ్య బీమాను నిధి పూర్తయ్యేదాకా ఆపవద్దు. సంఘం ఇచ్చే బృంద బీమా సభ్యత్వం ఉన్నంత వరకే పనిచేస్తుంది, అమ్మగారికి అసలు వర్తించదు. మీ ముగ్గురికి కలిపి ఒక పాలసీ, అమ్మగారికి విడిగా ఒక పాలసీ తీసుకోండి. మధుమేహం సంగతి దరఖాస్తులో తప్పకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆమె రక్షణ ఒక నెల వెనక్కి పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. మీ పేరున టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా అవసరం. దానికి ఆదాయ రుజువుగా అడిగేది ఆ రిటర్నులే. మ్యూచువల్ ఫండ్లు, పీపీఎఫ్, బంగారం గురించి నిధి పూర్తయ్యాక రాయండి, అప్పుడు చెబుతాను.

సిరీస్ తీయాలన్న కోరికను చంపుకోమని నేను అనడం లేదు. కథ సిద్ధంగా ఉంటే నిర్మాతలకు వినిపించండి, పారితోషికం తగ్గించుకుని లాభంలో వాటా అడగండి, మిత్రులతో కలిసి తక్కువ ఖర్చుతో ఒక చిన్న భాగం తీసి చూపించండి. డబ్బు పెట్టే నష్టభయం ఆ వ్యాపారంలో ఉన్నవారిదే కావాలి.

చివరగా మీ పాప విషయం. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇదే. ఆరేళ్ల బిడ్డ పారితోషికంతో తండ్రి అప్పు వాయిదా కట్టే ఏర్పాటును మీరు ఒక్క వాక్యంలో రాసేశారు. ముప్పై ఏళ్లు వచ్చాక ఆ లెక్క ఏమైందని అడగవలసి రావడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మీ బాల్యంలో మన దేశంలో దీనికి ప్రత్యేక నిబంధన లేదు. కాలిఫోర్నియాలో 1939లోనే వచ్చింది. మూకీల కాలపు బాలనటుడు జాకీ కూగన్ సంపాదించినట్లు చెప్పే 30, 40 లక్షల డాలర్లలో, దావా వేశాక ఆయన చేతికి వచ్చింది 1,26,000 డాలర్లే కావడంతో ఆ చట్టం చేశారు. మన దగ్గర 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 2017లో నిబంధనలు తెచ్చారు. వాటి ప్రకారం పాప ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయీకరించిన బ్యాంకులో ఆమె పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా వేయాలి, అది ఆమె మేజరయ్యాకే అందుతుంది. రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. వరుసగా 27 రోజులకు మించి షూటింగ్ ఉండకూడదు, చదువు ఆగకూడదు. చిత్రీకరణకు ముందు నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి.

20 శాతం అనేది చట్టం చెప్పిన కనీసం. రాకపోకలు, దుస్తుల ఖర్చు పోగా మిగిలిన మొత్తమంతా ఆమె పేరున వేయమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆమె ప్రతిభతో వచ్చిన పారితోషికం పన్ను లెక్కలో ఆమెదే అయినా, ఆ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మేజరయ్యే వరకు తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఆదాయంలో కలుస్తుందని అకౌంటెంట్‌కు గుర్తుచేయండి. ఒప్పందం మీద సంతకం చేసే ముందు అనుమతి పత్రం నకలు, డిపాజిట్ ఏ బ్యాంకులో, ఎన్ని రోజుల్లో వేస్తారన్న షరతు రాతపూర్వకంగా అడగండి. నిర్మాత ఆ షరతు రాయడానికి వెనుకాడితే పాపను ఆ సీరియల్‌కు పంపకండి.