అక్క ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టేనా?

మేడమ్, నాకు 36 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. పన్నెండేళ్లుగా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. రోజూ లాప్‌టాప్ తెరవాలంటేనే కడుపులో తిప్పుతోంది. చెక్క గానుగ నూనెల వ్యాపారం పెడదామనుకుంటున్నాను. మా అక్క భర్త బాలానగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. బావ కూడా ఉద్యోగం మానేసి నాతో కలుస్తానన్నారు. నా వాటా పీఎఫ్ డబ్బు, ఆయన వాటాకి అక్క నగలు తాకట్టు పెడతారు. అక్క ఏమీ అనదు, ఆమె ఎప్పుడూ అంతే, నా బీటెక్ ఫీజుకి కూడా గాజులు తీసిచ్చింది. మా ఆవిడ కొంచెం భయపడినా సరే అంది. రాజీనామా బోనస్‌కి ముందు ఇవ్వాలా, తర్వాతా? పార్ట్‌నర్‌షిప్ మంచిదా, ప్రైవేట్ లిమిటెడా?

బోనస్ ఖాతాలో పడ్డాకే రాజీనామా ఇవ్వండి. రెండో ప్రశ్న ఒక పూట ఆడిటర్ దగ్గర కూర్చుంటే తేలిపోతుంది. నా సలహా వీటి గురించి కాదు.

"అక్క ఏమీ అనదు" అని రాశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఉద్యోగం గురించి, నూనె గురించి, బావ గురించి ఇంత రాసిన మనిషి అక్కని అడిగానని ఎక్కడా రాయలేదు. ఆమె మాట వచ్చిందే నగల దగ్గర. పైగా ఒకసారి ఇచ్చింది కాబట్టి మళ్లీ ఇస్తుందన్న ధీమా. అప్పుడు పెళ్లయిన ఆడపిల్ల చేతి గాజులు తీసి తమ్ముడి ఫీజు కట్టిందంటే, ఆ గాజులు మళ్లీ చేతికి వచ్చేవరకు అత్తగారింట్లో ఎన్ని మాటలు పడిందో, పేరంటాలకి బోసి చేతులతో వెళ్లినప్పుడు ఎవరేమడిగారో మీకు చెప్పి ఉండదు. మీరూ అడిగి ఉండరు.

ఆమె ఎందుకు ఏమీ అనదో ఆలోచించారా? వద్దంటే ఇంట్లో భర్తకి కోపం, తమ్ముడి ఎదుగుదలకి అడ్డుపడిందన్న పేరు. సరేనంటే మెడలో గొలుసు పోతుంది. రేపు వ్యాపారం దెబ్బతింటే "మీ తమ్ముడి వల్లే" అన్న మాట రోజూ వినేది ఆమె, మీరు కాదు. మీకూ బావకీ మాటలు ఆగిపోతే పండక్కి పుట్టింటికి రావాలన్నా భర్త మొహం చూసి రావాలి. నష్టం మీరిద్దరూ చెరిసగం పంచుకుంటారు, ఆమె మాత్రం రెండు వైపులా మోయాలి. ఇంత మోయబోయే మనిషి నోరు విప్పలేదంటే దాన్ని సమ్మతి అని నేను ఒప్పుకోను.

ఇంకోటి, ఆ నగలు బావ వాటా ఎలా అవుతాయి? పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, అది పూర్తిగా ఆమె సొంతం. కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2024లో కూడా స్పష్టంగా చెప్పింది. పెట్టుబడి ఆమెది అయితే వాటా ఆమె పేరు మీద ఉండాలి, లాభంలో భాగం ఆమె ఖాతాలో పడాలి. పార్ట్‌నర్‌షిప్‌లో సంస్థ అప్పులకి భాగస్వాములు సొంత ఆస్తితో సహా బాధ్యులు, ఒకరు చేసిన అప్పు ఇంకొకరి మెడకి చుట్టుకుంటుంది. ఆ ఒప్పంద పత్రం మీద బావ సంతకం పెడితే, ఆయన పేరు మీద ఇల్లుంటే అది కూడా అందులోకి వచ్చినట్టే. ఈ సంగతి అక్కకి ఎవరైనా చెప్పారా?

గానుగ నూనె చెడ్డ ఆలోచన అనను. మన పాలమూరు పల్లీ దగ్గర్లోనే దొరుకుతుంది, కొనేవాళ్లూ ఉన్నారు. కానీ లీటరు నూనె రావాలంటే దాదాపు రెండున్నర కిలోల పల్లీలు ఆడించాలి, నూనె తీశాక మిగిలే పల్లీ చెక్క అమ్ముకున్నా కూడా మీ నూనె ధర సూపర్ మార్కెట్ రిఫైన్డ్ నూనె పక్కన నిలబడదు. అది తెలిసీ మీ దగ్గరే కొనే ఇళ్లు కావాలి, వాళ్లు దొరకడానికి టైం పడుతుంది. డబ్బు మిషన్‌లో కంటే సరుకులో ఎక్కువ ఇరుక్కుంటుంది, పంట చేతికొచ్చిన రోజుల్లో నాణ్యమైన పల్లీ కొని పెట్టుకోకపోతే తర్వాత రేటు మీ చేతిలో ఉండదు. అలాంటి వ్యాపారంలోకి రెండిళ్ల జీతాలు ఒకే నెలలో ఆపేసి దిగడం నాకు అస్సలు నచ్చలేదు. ముందు మీరు ఆరు నెలలు ఇంకొకరి గానుగలో ఆడించి, మీ అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో అమ్మి చూడండి. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి అడిగారా లేదా అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి. అప్పుడు మానేయాలనిపిస్తే మీరొక్కరే మానేయండి. బావ ఉద్యోగంలోనే ఉండి సాయంత్రాలు లెక్కలు చూడొచ్చు, అకౌంట్స్ ఆయన పనే కదా. తాకట్టు లేకుండా ముద్ర లోన్ మొదటిసారి తీసుకునేవాళ్లకి 10 లక్షల వరకు ఉంటుంది, బ్యాంకుకి వెళ్లి అడగండి. బ్యాంకు వద్దంటే ఎందుకు వద్దందో తెలుసుకోండి, అంతేకానీ అక్క మెడవైపు చూడకండి. అలాగే ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోతుంది, రాజీనామాకి ముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే దారి కనుక్కోండి.

మీ ఆవిడ భయం గురించి ఒక్క మాట. "కొంచెం" అన్నది మీరు కొలిచిన కొలత. ఇంటి ఖర్చుకి ఎన్ని నెలల డబ్బు పక్కన పెట్టారో ఆమెకి కాగితం మీద చూపించండి.

ఇక అక్క దగ్గరికి వెళ్లండి. ఫోన్‌లో కాదు, బావ ముందు కాదు, ఆయన ఆఫీసులో ఉన్న పూట సెలవు పెట్టుకుని వెళ్లండి. "నీకు ఓకేనా అక్కా" అని మాత్రం అడక్కండి, ఓకే అనేస్తుంది. "ఇది పోతే నీకేమవుతుంది అక్కా, నాకు చెప్పు" అని అడిగి, ఆమె కాఫీ పెడతానని వంటింట్లోకి లేచి వెళ్లినా మీరు కదలకుండా కూర్చోండి. మొదట ఏమీ లేదంటుంది. గంట పట్టినా పట్టనివ్వండి. నగలు తీసుకో అని తనే అన్నా తీసుకోకండి. ఆమె మనసులో వద్దని ఉన్నట్టు మీకు అర్థమైతే, ఆ సాయంత్రమే బావకి ఫోన్ చేసి, పార్ట్‌నర్‌షిప్ వద్దనుకుంటున్నది మీరేనని చెప్పండి. ఆ మాటల్లో అక్క పేరు రాకూడదు.